తొంభై వేల అడ్వాన్సు, ఏడో పేరా

నిన్ననే చెక్కు చేతికొచ్చింది. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

అక్కయ్యపాలెంలో జాకెట్లు కుట్టే చిన్న షాపు నాది. అద్దె 9,000, అడ్వాన్సు 90,000, పదకొండు నెలల అగ్రిమెంటు. ఆరో నెలలో పాలకొండలో అమ్మ జారిపడి తుంటి విరిగింది. చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఉన్నపళాన తాళాలిచ్చేసి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చి అడ్వాన్సు అడిగితే ఓనరు గారు లోపలికి కూడా రమ్మనలేదు. నన్ను మెట్ల మీదే నిలబెట్టి, అగ్రిమెంటు తెచ్చి నా చేతికిచ్చారు. "ఏడో పేరా చదవమ్మా, గట్టిగా." చదివాను: గడువులోపు ఖాళీ చేసినచో అడ్వాన్సు మొత్తం యజమానికే చెందును. "కింద సంతకం ఎవరిది?" "నాదేనండి." "మరింకేటి?" పక్క పోర్షన్ వాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు. పాలబ్బాయి బండి ఆపి మరీ విన్నాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క జాకెట్టు అరంగుళం తేడా రానివ్వని దాన్ని, ఆ కాగితం చదవకుండా సంతకం ఎలా పెట్టానో! ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అగ్రిమెంటు రాసినాయన్ని అడిగితే "సంతకం పడ్డాక బ్రహ్మదేవుడైనా ఏం చెయ్యలేడు" అన్నాడు. అలాంటి వాళ్ళని సలహా అడక్కండి. టైపు చేయించుకోండి, డబ్బులిచ్చి వచ్చేయండి.

మా కస్టమరొకావిడ చెబితే న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేశాను. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉందట. ఇన్నాళ్ళూ తెలీదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టాను, ఫీజు లేదు.

అక్కడిచ్చిన వకీలమ్మ ముందు నన్నే కోప్పడింది. "సంతకానికి విలువ లేదనుకోకండి. మాట తప్పారు, ఆయనకి జరిగిన నష్టం కట్టాల్సిందే." తర్వాత అసలు సంగతి చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసుకున్న అంకె పై హద్దు మాత్రమేనట. ఆ లోపు ఎంత న్యాయమో అంతే ఇప్పిస్తారు. సుప్రీంకోర్టు 1963లో చెప్పిందిదే, 2015లోనూ నష్టమే లేనప్పుడు కట్టిన డబ్బు ఉంచేసుకోవడం కుదరదని మళ్ళీ చెప్పింది.

"ఆయన నష్టమెంత?" అంది. అప్పుడు ఫోన్ తీసి ఫోటో చూపించాను. నా షాపులోనే కర్రీ పాయింట్, బంతిపూల దండలు, ఫ్లెక్సీ మీద ప్రారంభోత్సవం తేదీ. నేను తాళాలిచ్చిన పన్నెండో రోజు! ఇది పట్టింది నేనే, వకీలమ్మ కాదు.

నోటీసు వెళ్ళింది, ఆయన లోక్ అదాలత్‌కి వచ్చారు. ఫోటో చూసి బెంచి మీద సారు "పన్నెండు రోజుల ఖాళీకి తొంభై వేలా?" అన్నారు. ఓనరు గారు ఏడో పేరా ఊసెత్తలేదు. చివరికి ఒక నెల అద్దె, రంగులకి 6,000 పోను 75,000 ఇచ్చేలా రాజీ కుదిరింది. పన్నెండు రోజులకి నెల అద్దెందుకని నాకింకా మంటే. "ముందుగా చెప్పకుండా వెళ్ళారుగా" అంది వకీలమ్మ. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ తేలుతుంది, లేకపోతే కోర్టుకే.

చెక్కు బ్యాంకులో వేశాను. వెనక్కొచ్చినా భయం లేదు: ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డు, అంటే తీర్పు కాగితం, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాపీ కుట్టుమిషను సొరుగులో పెట్టుకున్నాను.