కాగితం పత్రిక పీడీఎఫ్ అయ్యింది: నా అనుభవం

మేం బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడుపుతూ ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం ఇంగ్లండ్ నుంచి ఒక చిన్న పత్రిక తెప్పించుకునేవాణ్ణి. ఇకపై అచ్చు వేయం, మిగిలిన చందాని డిజిటల్‌కి మారుస్తాం, వద్దంటే డబ్బు వెనక్కిస్తాం అని వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. అమలాపురంలో మా ఆదివారం ఆట ఆ రోజు సాగితే ఒట్టు. పాచికలు పక్కన పెట్టి అందరూ వాదనకి దిగారు.

నరసాపురం నుంచి పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటి వచ్చే మా బావ అందరికంటే గట్టిగా మాట్లాడాడు. "డ్రాగన్ పత్రిక సంగతి మర్చిపోయావేంట్రా?" అన్నాడు. ఇలాంటి ఆటల కోసమే 1976లో మొదలైన ఆ పత్రిక అచ్చులో 2007 సెప్టెంబర్‌లో 359వ సంచికతో ఆగింది. తర్వాత ఆన్‌లైన్ చందాలోకి మారింది, 2013 చివరికి అదీ ఆగిపోయింది. ఆ చందాతో వాడుకున్న, ఆటలోని పాత్రల్ని తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ని కూడా 2020 జనవరి 1న మూసేశారు. డబ్బు కట్టినవాళ్లకి మిగిలిందేంటని బావ ప్రశ్న. కొట్టిపారేయడానికి లేదు.

నాకైతే కాగితం మీద అంత మోజు లేదు. పోస్టు ఖర్చు పత్రిక ధరని దాటిపోయేది. వానాకాలంలో కవరు తడిసి పేజీలు అతుక్కుని వచ్చేవి. బాగున్న సంచికలకి కూడా బీరువాలో మా కోనసీమ చెమ్మకి బూజు పట్టేది. నా టెన్షన్ వేరు. పీడీఎఫ్ దింపుకోనిస్తారా, లేక యాప్ తెరిస్తేనే కనిపిస్తుందా? యాప్ అయితే అది అద్దె ఇల్లే, ఖాళీ చేయమన్న రోజు చేయాలి. మెయిల్ రాసి అడిగాను. పీడీఎఫ్ ఇస్తామని రాశారు. అప్పుడు సరే అన్నాను.

మిగిలిన చందా మార్చడం తేలికే. పాత కవరు మీది చందాదారు నంబరు కొడితే ఖాతా తెరుచుకుంది. అది అయిపోయాక కొత్త చందా కట్టడం దగ్గరే తిప్పలు. కార్డు తీసుకోలేదు. బ్యాంకు యాప్‌లో చూస్తే విదేశీ చెల్లింపులు ఆఫ్‌లో ఉన్నాయి. 2020లో ఆర్‌బీఐ పెట్టిన పద్ధతి ఇది, కావాలంటే మనమే ఆన్ చేసుకుని పరిమితి పెట్టుకోవాలి. ఆన్ చేసి నెలవారీ చందా తీసుకున్నాను. మొదటి నెల డబ్బు కట్ అయింది, రెండో నెల ఆగిపోయింది. 2021 అక్టోబర్ నుంచి కార్డులో డబ్బు దానంతటదే కట్ కావాలంటే ముందే ఓటీపీతో అనుమతి నమోదై ఉండాలి, కట్ అయ్యే 24 గంటల ముందు మనకి మెసేజ్ కూడా రావాలి. ఆ విదేశీ షాపుకి ఆ ఏర్పాటు లేదు. విసుగొచ్చి ఒకేసారి ఏడాదికి కట్టేశాను. విదేశీ చెల్లింపుకి బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ పడ్డాయి. అయినా పాత పోస్టు ఖర్చు కంటే నయమే.

పత్రిక మొత్తం కలర్ ప్రింట్ తీయిస్తే మళ్లీ అదే ఖర్చు. అందుకే మ్యాపులు, పట్టికలు మాత్రం ఏ3లో తీయించి మిగతాది ట్యాబ్‌లో చదువుతున్నాం. కాగితం ఉన్నప్పుడు మ్యాపు మీద గీయాలంటే చేయి వచ్చేది కాదు, ఇప్పుడు ఎన్ని కాపీలైనా పాడుచేసుకోవచ్చు. పత్రికలోంచి ఓ బురద చిత్తడిలో జరిగే కథ తీసుకుని, దాంట్లో ఊళ్లని గోదావరి లంకలుగా మార్చేశాను. వరదొస్తే దారులు మునిగిపోతాయి, పడవవాణ్ణి బతిమాలుకోవాలి. అందరికీ తెగ నచ్చింది.

ఆటలోని ఓ నేలమాళిగ మ్యాపు ఇస్తే జిరాక్స్ షాపు కుర్రాడు తిప్పి తిప్పి చూశాడు. "ఏ లేఅవుటండి ఇది? రోడ్లు మరీ ఇరుకుగా వదిలారండి" అన్నాడు.

చందా ఖర్చు తలా కాస్త వేసుకుంటున్నాం. బావ ఒక్కడే తన వాటా ఇవ్వలేదు. కాగితం వచ్చినప్పుడు ఇస్తాడట.