వెథర్బీ నుంచి థార్ప్ ఆర్చ్ దాకా

మా పిన్ని కొడుకు 2021లో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లాడు. చదువుకుంటూనే అక్కడ ఒక గోడౌన్‌లో పనికి కుదిరాడు. "అక్కా, ఫిబ్రవరి ఆఖరి ఆదివారం ఖాళీ పెట్టుకో, నీకొక దారి చూపించాలి" అని నెల ముందు నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. గుడి కాదు, కోట కాదు, జలపాతం కాదు. ఒక దారి! నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. 2023 ఫిబ్రవరి 25, శనివారం తెల్లవారుజామున కోచ్ బస్సు ఎక్కి లీడ్స్‌లో దిగాను.

బ్యాగు గదిలో పెట్టనివ్వకుండానే హైడ్ పార్క్ కార్నర్‌కి తీసుకెళ్లాడు. అద్దె ఇళ్లు, కబాబ్ కొట్లు ఉండే స్టూడెంట్ల పేట అది. అక్కడ ఒక భవనం పక్కగోడ మీద పెద్ద బొమ్మ ఉంది. రియో కొండ మీది క్రీస్తు విగ్రహంలా ఒక పెద్దాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆయన మార్సెలో బియెల్సా. అర్జెంటీనాలోని రొసారియో ఊరివాడు. 2018 జూన్ నుంచి 2022 ఫిబ్రవరి దాకా లీడ్స్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్‌కి కోచ్. క్లబ్ ఆయన్ని తీసేసి అప్పటికి ఏడాది కావస్తోంది. బొమ్మ మాత్రం అలాగే ఉంది.

మా తమ్ముడు దాని ముందు ఫోటో దిగలేదు. కొంతసేపు చూసి, "పద" అన్నాడు.

ఆయన ఎవరో రెండు మాటల్లో చెప్పాలి. బియెల్సా వచ్చేసరికి లీడ్స్ రెండో డివిజన్‌లో 13వ స్థానంలో నిలిచిన జట్టు. అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్ నుంచి 2004లో పడిపోయి మళ్లీ పైకి రాలేకపోతోంది. ఆయన దాదాపు ఆ ఆటగాళ్లతోనే మొదటి ఏడాది మూడో స్థానానికి తెచ్చాడు, పై లీగ్‌లో మిగిలిన ఒక్క చోటు కోసం ఆడే ప్లే ఆఫ్‌లో ఓడాడు. రెండో ఏడాది, 2020లో, 93 పాయింట్లతో డివిజన్ గెలిచి పదహారేళ్ల తర్వాత క్లబ్‌ని పై లీగ్‌కి చేర్చాడు. ఆ మరుసటి ఏడాది పెద్ద జట్ల మధ్య 9వ స్థానం. ఆ తర్వాత గాయాలు, ఓటములు. 2022 ఫిబ్రవరి ఒక్క నెలలోనే జట్టు 20 గోల్స్ ఇచ్చుకుంది. 26న సొంత గడ్డ మీద టాటెన్‌హామ్ చేతిలో 4-0. మర్నాడు ఉద్వాసన.

లెక్క ప్రకారం చూస్తే ఇందులో అన్యాయమేమీ లేదనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

కానీ ఆ టాటెన్‌హామ్ మ్యాచ్‌లో మా తమ్ముడు ఉన్నాడు. ఇంగ్లండ్‌లో వాడు చూసిన మొదటి మ్యాచ్ అది. గోడౌన్‌లో వాడితో పనిచేసే ఒకాయన ఊరెళ్తూ తన టికెట్‌ని నలభై పౌండ్లకి ఇచ్చాడట. "నాలుగు గోల్స్ పడ్డాయక్కా. మన దగ్గరైతే ఈపాటికి సీసాలు పడేవి అనుకున్నా. వీళ్లు లేచి ఆయన పేరు పాడటం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన ఒకామె ఏడుస్తూ పాడుతోంది" అన్నాడు. వాడు అప్పటికి ఆ ఊళ్లో అయిదు నెలల వాడు. ఆ రోజు నుంచి లీడ్స్ వాడైపోయాడు.

మధ్యాహ్నం లీడ్స్ జట్టు స్టేడియం ఎలాండ్ రోడ్‌కి నడిచాం. స్టేషన్ దగ్గర్నుంచి రైలు వంతెనల కిందుగా, హోల్‌బెక్ మీదుగా అరగంట నడక. ఆ రోజు సౌతాంప్టన్‌తో మ్యాచ్. కొత్త కోచ్ హవి గ్రాసియాకి అదే మొదటి ఆట. రెండు జట్లూ దిగువ డివిజన్‌కి పడిపోయే ప్రమాదంలో ఉన్నాయి, ఊరంతా టెన్షన్. మాకు టికెట్లు దొరకలేదు. ఇంగ్లండ్‌లో శనివారం మూడు గంటల మ్యాచ్‌ని టీవీలో చూపించరు. మైదానాలకి వచ్చే జనం తగ్గకూడదని ఏనాడో పెట్టుకున్న నియమం అది. అందుకని స్టేడియం బయటే ఉండిపోయాం.

బయట డాన్ రెవీ విగ్రహం ఉంది. 1961 నుంచి 1974 దాకా మేనేజర్. క్లబ్‌కి రెండు లీగ్ టైటిళ్లు, ఎఫ్ఏ కప్పు తెచ్చినవాడు. స్టేడియంలో ఒక వైపు స్టాండ్‌కి ఆయన పేరే పెట్టారు. ఆ విగ్రహానికి కొంచెం దూరంలో గోడకి ఆనుకుని ఒక ముసలాయన కనిపించారు. మెడలో మఫ్లర్, దాని మీద బియెల్సా ముఖం. తమ్ముడు దాన్ని చూసి నమస్కారం పెట్టినంత పనిచేశాడు.

ఆయన మమ్మల్ని కూడా గోడ దగ్గర నిలబెట్టుకున్నారు. "మీరు లోపలికి వెళ్లలేదేం?" అని అడిగాను. సీజన్ టికెట్ వదిలేశారట. భార్యాభర్తలు ముప్పై ఏళ్లకి పైగా పక్కపక్క సీట్లలో కూర్చున్నారు. ఇద్దరూ కలిసి చూసిన ఆఖరి మ్యాచ్ 2020 మార్చి 7, హడర్స్‌ఫీల్డ్ మీద. మూడో నిమిషంలోనే లూక్ ఐలింగ్ గాల్లో ఉన్న బంతిని నేల తాకకుండా గోల్‌లోకి కొట్టిన మ్యాచ్. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, మైదానాలు మూసేశారు. జూలై 17న పై లీగ్ ఖాయమైన రోజు ఆమె ఆస్పత్రిలో ఉన్నారు. "ఫోన్‌లో చెప్పాను. విన్నదనే అనుకుంటున్నాను" అన్నారు.

అక్కడ నేనేం మాట్లాడగలను? ఆయన చేయి పట్టుకున్నాను.

పదహారేళ్లు ఎదురుచూసిన గెలుపు ఎప్పుడొచ్చిందో చూడండి. ఆ ఏప్రిల్‌లో నార్మన్ హంటర్ కోవిడ్‌తో పోయాడు, ఆ నెలాఖరుకి ట్రెవర్ చెర్రీ పోయాడు, గెలుపుకి సరిగ్గా వారం ముందు జాక్ చార్ల్‌టన్ పోయాడు. ముగ్గురూ రెవీ కాలపు మహామహులైన లీడ్స్ ఆటగాళ్లు. ఆపైన మొదటి ప్రీమియర్ లీగ్ సీజన్ దాదాపు మొత్తం ఖాళీ సీట్ల ముందే జరిగింది. ఊరంతా ఆ ఏడాదిని టీవీలో చూసింది. స్టేడియం నిండేసరికి జట్టు చతికిలబడటం మొదలైంది. ఈ జనానికి ఆయనతో కలిసి పండగ చేసుకునే రోజే దొరకలేదు. వీడ్కోలు చెప్పే రోజూ దొరకలేదు. పెళ్లికి పిలిచి, భోజనాల వేళకి తలుపులు వేసేసినట్టు అయిపోయింది. నాకు అర్థమైనంతలో ఈ మమకారం ఇంకా పచ్చిగా ఉండటానికి సగం కారణం ఇదే.

ఫోన్‌లో రేడియో వ్యాఖ్యానం పెట్టుకుని ముగ్గురం వింటున్నాం. ఆట అయిపోవస్తుండగా ఒక్కసారి స్టేడియం లోపల నుంచి భూమి కదిలినట్టు అరుపు. ఫోన్‌లో మాత్రం వ్యాఖ్యాత ఇంకా మామూలుగా మాట్లాడుతూనే ఉన్నాడు. రేడియో కాస్త ఆలస్యంగా వస్తుంది కదా. ఆ కొన్ని క్షణాలూ గోల్ పడిందని మాకు తెలుసు, ఎవరు కొట్టారో తెలియదు. జూనియర్ ఫిర్పో, 77వ నిమిషం. 1-0. ముసలాయన మఫ్లర్ తీసి తలపైన ఊపారు. కొత్త కోచ్ గెలిచాడని ఆయన మొహంలో నిజమైన సంతోషం. పాతాయన మీద ప్రేమ ఉంటే కొత్తాయన ఓడిపోవాలని కోరుకుంటారేమో అని లోలోపల అనుకుంటూ ఉన్నాను. అది నా పొరపాటు.

రాత్రి తమ్ముడి గదిలో చారు, బంగాళదుంప వేపుడు చేసుకున్నాం. తింటుంటే తాతయ్య గుర్తొచ్చారు. తాతయ్యది హైదరాబాద్. కాలేజీ రోజుల్లో సైకిల్ మీద ఫతే మైదాన్‌కి వెళ్లి సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఆట చూసేవారు. ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. మన దేశానికి 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం ఆయన చేతి మీదుగానే వచ్చింది. 1963లో క్యాన్సర్‌తో పోయారు. మా తాతయ్య టీవీలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నా, ఆడేది బ్రెజిల్ అయినా సరే, ఒక తప్పు పాస్ పడితే చాలు, "రహీం సాబ్ ఉండుంటేనా!" అనేవారు. చిన్నప్పుడు మేమంతా ఆ మాట పట్టుకుని ఆటపట్టించేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు మనసు కలుక్కుమంటోంది. అయిదారు దశాబ్దాల పాటు ఒక మనిషిని అలా లోపల ఉంచుకోవడం తక్కువ సంగతేం కాదు.

ఆదివారం పొద్దున వెథర్బీ బస్సు ఎక్కాం. లీడ్స్‌కి ఈశాన్యంగా వార్ఫ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. రాతి వంతెన, అంగడి వీధి, గట్టిగా తిరిగితే పావుగంటలో అయిపోయే ఊరు. కోట్ల జీతం ఉన్న బియెల్సా ఇక్కడ ఒక మిఠాయి కొట్టు పైన చిన్న ఫ్లాట్‌లో ఉన్నాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. క్లబ్ ట్రాక్‌సూట్, వీపున సంచి, సూపర్ మార్కెట్‌లో సొంతంగా సరుకులు, కాఫీ షాపులో కాగితాలు. పిల్లలు ఫోటో అడిగితే ఆగేవాడు. పొద్దున్నే అక్కడి నుంచి థార్ప్ ఆర్చ్‌లోని ట్రైనింగ్ గ్రౌండ్‌కి నడిచి వెళ్లేవాడు. ముప్పావు గంట నడక. సాయంత్రం మళ్లీ నడక.

తమ్ముడు నాకు చూపిస్తానన్న దారి ఇదే.

పాత రైలు పట్టాలు తీసేసి కాలిబాట చేశారు. రెండు పక్కలా ఆకులు రాల్చిన చెట్లు, పొలాలు, ముక్కు మీద కోసేసే చలిగాలి. కుక్కల్ని తిప్పుతున్నవాళ్లు ఎదురై "మార్నింగ్" అంటున్నారు. చెప్పుకోవడానికి అందమేమీ లేని దారి. అయినా నాకు విసుగు పుట్టలేదు. ఈ నడకలో ఆ మనిషి దేని గురించి ఆలోచించి ఉంటాడా అనుకుంటూ నడిచాను. 2019 ఏప్రిల్ 28న ఆస్టన్ విల్లాతో మ్యాచ్‌లో ఒక విల్లా ఆటగాడు దెబ్బ తగిలి పడి ఉండగా లీడ్స్ గోల్ కొట్టింది. గొడవైంది. బియెల్సా "వాళ్లని గోల్ వేసుకోనివ్వండి" అని తన జట్టుకి గట్టిగా చెప్పాడు. విల్లా ఆటగాడు బంతిని నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్లి గోల్‌లో వేశాడు. 1-1. ఆ డ్రాతో నేరుగా పై లీగ్‌కి వెళ్లే రెండో చోటు షెఫీల్డ్ యునైటెడ్‌కి ఖాయమైపోయింది. ఆ మర్నాడు కూడా ఈ దారినే నడిచి ఉంటాడా?

థార్ప్ ఆర్చ్ దగ్గర జైలు గోడ కనిపిస్తుంది. దాని పక్కనే లీడ్స్ ట్రైనింగ్ గ్రౌండ్. గేటు వేసి ఉంది. తమ్ముడు కంచె అవతలి పచ్చికని చూస్తూ ఆ కథ చెప్పాడు. నాకు అప్పటికే తెలుసు, అయినా చెప్పనిచ్చాను. బియెల్సా వచ్చిన కొత్తలో ఒక ప్రశ్న వేశాడట: మన అభిమాని ఒక టికెట్ కొనుక్కోవాలంటే ఎన్ని గంటలు పని చేయాలి? సుమారు మూడు గంటలని లెక్క తేలింది. అప్పుడు ఆటగాళ్లందర్నీ పిలిచి, మూడు గంటల పాటు ఈ చుట్టుపక్కల చెత్త ఏరమన్నాడు.

"నాకు నాలుగున్నర గంటలక్కా" అన్నాడు తమ్ముడు.

"ఏంటి?"

"ఆ రోజు టికెట్. అప్పుడు నాకు గంటకి 8.91 పౌండ్లు. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలే కదా పని. నలభై పౌండ్లంటే నాలుగున్నర గంటలు పెట్టెలు మోయాలి. ఇంట్లో చెప్పలేదు, తిడతారని. బస్సులో వెళ్తుంటే గిల్టీగా ఉండింది. చెత్త ఏరిపించిన మనిషే అక్కడ నిలబడి ఉన్నాడు అనుకున్నాను."

వాడు ఆ దేశంలో ఎలా బతికాడో నాతో ఎప్పుడూ చెప్పుకోలేదు. వాళ్లమ్మతోనూ చెప్పలేదు. ఒక కోచ్ గురించి మాట్లాడుతూ ఇంత చెప్పాడు. బియెల్సా ఆ లెక్కని వేయడమే కాదు, కోటీశ్వరులైన కుర్రాళ్ల నడుములు వంచి దాన్ని చూపించాడు. పెట్టెలు మోసేవాడికి అది ఎంత పెద్ద గౌరవమో ఆ గేటు ముందు నిలబడితే గానీ నాకు అందలేదు.

తిరుగు నడకలో పెద్దగా మాట్లాడుకోలేదు. వెథర్బీ బస్టాపులో కూర్చున్నాక తమ్ముడు ఫోన్ తీసి టాటెన్‌హామ్ మ్యాచ్ వీడియో పెట్టాడు. నిమిషం కూడా ఉండదు. జనం వీపులే కనిపిస్తాయి, చేయి వణుకుతూ ఉంటుంది. అందరూ పాడుతున్నారు. చివర్లో కెమెరా కాస్త పక్కకి తిరిగితే స్కోరు బోర్డు మీద 0-4.

పక్క బెంచీ మీద సరుకుల సంచులతో ఒకావిడ కూర్చుని ఉంది, యాభై ఏళ్లుంటాయి. వీడియో అయిపోగానే మా వైపు తిరిగింది.

"ఇంకోసారి పెట్టు బాబూ" అంది.