వై నదిలో నాలుగు రోజులు, ముప్ఫై నాలుగు లీటర్లు

పడవ చివరికి మాన్‌మత్ రేవు మెట్లకు తగిలింది, అనుకున్న విరాళం కంటే ఎక్కువే వచ్చింది, మా ఇద్దరి భుజాలూ ఇంకా యథాస్థానంలోనే ఉన్నాయి. ప్రయాణం గురించి చెప్పదగిన శుభవార్త ఇంతే. మిగిలినదంతా నేను చలికాలమంతా గ్యారేజీలో కూర్చుని చేసిన ప్లైవుడ్ కనూలోకి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్న సంగతి. ఆ ఒక్క ప్రశ్న నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు కనుక దాన్ని వివరంగానే రాస్తాను.

వేల్స్, ఇంగ్లండ్ సరిహద్దులో ఉన్న హే-ఆన్-వై ఊరి నుంచి వై నది వెంట మాన్‌మత్ వరకు, 75 మైళ్లకు కాస్త అటూ ఇటూగా, ఆరు పడవల్లో పదకొండు మందిమి నయంకాని జబ్బులున్న పిల్లలను చూసుకునే ఒక హాస్పీస్‌కు విరాళాల కోసం తెడ్డు వేశాము. ఒక పడవలో ఒక్కరే ఉన్నారు. మా పడవలో ముందు కూర్చున్నది మా తోడల్లుడు. అతని బరువు 91 కిలోలు, నాది 66. బరువైన మనిషిని ముందు కూర్చోబెడతారా అని మీరు అడుగుతారని తెలుసు. చుక్కాని లేని పడవను వెనక నుంచి తెడ్డుతో తిప్పడం అతనికి ఇంకా రాదు, అందుకని సామాను 38 కిలోలూ వెనక కట్టి సరిపెట్టాను. అయినా నీళ్లలో ముందు భాగం ఒక అంగుళం దిగే ఉంది. మా వైపు పడవల వాళ్లు ముందు భాగాన్ని అణియం అనీ వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. ఆ మాటలే ఇక్కడా వాడుతున్నాను, ఎందుకంటే ఈ కథంతా ఆ రెండింటి మధ్య నేను పడిన పొరపాటు గురించే.

కొలతలు ఎందుకు తీసుకున్నానో కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో సాధన చేస్తున్నప్పుడే పడవలో గంటకు అర లీటరు నీరు చేరేది. అది తెడ్డు నుంచి కారే నీరేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఈ సంగతి విన్న ఒక మిత్రుడు, ప్రయాణంలో మీరు తోడి పోసిన ప్రతి లీటరుకూ ఒక పౌండు ఇస్తానని పందెం కట్టాడు. అందువల్ల పాల క్యాన్ అడుగు కోసి చేసుకున్న చిప్పతో తోడిన ప్రతిసారీ తొడ మీద తడవని పెన్సిల్‌తో ఒక గీత గీసుకున్నాను. హాస్పీస్ పేరుతో వచ్చిన ఆ గీతలే చివరికి నాకు దారి చూపించాయి.

మొదటి రోజు హే నుంచి బైక్రాస్ వరకు ఐదున్నర గంటలు పట్టింది, 9 లీటర్లు తోడాను. అంటే గంటకు 1.6 లీటర్లు. గంటన్నర గడిచేసరికే ముందు నుంచి "అన్నయ్యా, నా చెప్పులు తేలుతున్నాయి" అని వినిపించింది. నీరంతా అతని కాళ్ల దగ్గరే చేరింది కాబట్టి లోపం అణియంలోనే ఉందని ఇద్దరమూ ఏకగ్రీవంగా తీర్మానించాము. ఇది స్టిచ్ అండ్ గ్లూ పడవ, అంటే 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, రెండు ద్రావణాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురుతో అతికించి, మీద గాజు బట్ట వేసినది. ముందు కుడి వైపు అతుకు మీద వెంట్రుక మందాన ఒక చీలిక కనిపించింది. ఆ రాత్రి సామాను అక్కడే ఉంచి, ముందు భాగాన్ని మాత్రం బకెట్ మీదికి ఎత్తి, లోపలి నుంచి ఎపాక్సీ పూశాను.

అక్కడ చేసిన తప్పు పూర్తిగా నాది. నా సంచిలో ఉన్నది వెస్ట్ సిస్టమ్ కంపెనీ 206, ఎపాక్సీని నిదానంగా గట్టిపరిచే ద్రావణం. దానికి కనీసం 16 డిగ్రీలు కావాలని సీసా మీదే రాసి ఉంటుంది. నదీతీరంలో ఆ రాత్రి ఉష్ణోగ్రత 7 డిగ్రీలు. చలిలో కూడా పనిచేసే 205 గట్టిపరిచే ద్రావణాన్ని ఇంట్లో అల్మారాలో పెట్టి వచ్చాను. ఉదయం వేలు పెట్టి చూస్తే ముదురుపాకం సంగతి దేవుడెరుగు, తీగపాకం కూడా రాలేదు. దాని మీద నూనె పూసినట్టు ఒక పొర కూడా తేలింది. చలికీ తేమకీ ఎపాక్సీ మీద అలాంటి పొర ఏర్పడుతుంది, దాన్ని కడిగితే తప్ప పైన వేసేది ఏదీ అతకదు. ఇక చేసేదేమీ లేక దాని మీద గొరిల్లా టేపు వేసి బయలుదేరాము. పొడి చెక్క మీద ఆ టేపును మించినది నేను చూడలేదు, తడి చెక్క మీద మాత్రం అదీ మామూలు టేపే.

మా నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, తాళ్లరేవు పడవలను ఎరిగిన మనిషి కావడంతో, "రాత్రంతా నీళ్లలో నాననివ్వరా, పలకలు ఉబ్బి సందులు అవే మూసుకుంటాయి" అన్నారు. పలకల మధ్య పీచు కుక్కి గుగ్గిలం పూసిన నావకు అది నూటికి నూరు పాళ్లు సరైన వైద్యమే. ఎపాక్సీతో మూసేసిన ప్లైవుడ్ ఉబ్బదు, ఒకవేళ ఉబ్బిందంటే పొరలు విడిపోతున్నాయని అర్థం. ఆ మాట ఆయనతో అనలేదు.

రెండో రోజు హెరెఫర్డ్ దాటి హోర్‌విథీ వరకు, అన్నింటికంటే పొడవైన రోజు. ఏడున్నర గంటల్లో 13 లీటర్లు, అంటే గంటకు 1.7. టేపు వేసిన తరువాత నీరు కొంచెం పెరిగింది తప్ప తగ్గలేదు. తెడ్డు నుంచి కారేది ఎంతో తేల్చుకోవడానికి ఒక గంట సేపు మా తోడల్లుడి ఒళ్లో తువాలు పరిచి, దాన్ని చిప్పలోకి పిండి చూశాను. వచ్చింది టీ కప్పు కంటే తక్కువే. తోడిన నీటికి పచ్చి వాసన కూడా ఉంది. వై నది పరివాహక ప్రాంతంలో రెండు కోట్లకు పైగా కోళ్లు ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పే లెక్క. వాటి ఎరువులోని భాస్వరం నదిలోకి చేరి నాచు పెరుగుతోందని కూడా అంటారు. 2023లో నది పరిస్థితిని అధికారికంగా దిగజారుతున్న జాబితాలోకి మార్చారు. కోళ్ల ఫారాల జిల్లాలో పుట్టినవాణ్ణి కనుక ఆ వాసన నాకు మరీ కొత్తగా అనిపించలేదు.

ఆ సాయంత్రం నేను చేసిన పరీక్షను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అమరాన్ని బకెట్ మీదికి ఎత్తి, పడవలో 30 లీటర్లు పోసి, ముందు భాగంలో 12 సెంటీమీటర్ల లోతు నిలిచేలా చేసి, కింద పాత వార్తాపత్రిక పరిచాను. నలభై నిమిషాలకు కూడా కాగితం మీద ఒక్క చుక్క పడలేదు. సక్రమంగా ఆలోచించేవాడైతే అణియంలో లోపం లేదని గ్రహించేవాడు. నేను మాత్రం, చీలిక మనుషుల బరువుకు అడుగు వంగినప్పుడే తెరుచుకుంటోందని ఒక సిద్ధాంతం తయారుచేశాను. మర్నాడు బయలుదేరేముందు, పడవ తేలుతుండగా మా తోడల్లుణ్ణి ఎక్కించి దించి, స్కేలుతో కొలిస్తే అడుగు పలక 4 మిల్లీమీటర్లు పైకి వంగుతున్నట్టు తేలింది. అంకె దొరికితే సిద్ధాంతానికి బలం వచ్చినట్టే అనిపిస్తుంది. అతని సీటు కింద ఒక చెక్క బద్ద బిగించి, రెండు చోట్ల మళ్లీ టేపు వేశాను.

మూడో రోజు ఎదురుగాలికి పడవ తిప్పడం కష్టమై, దారిలో ఒకచోట ఆగి తిండి డబ్బాను 45 సెంటీమీటర్లు వెనక్కి జరిపాను. అరగంటలో తడిసినవి నా చెప్పులు. నీరు చేరే వేగం పెద్దగా మారలేదు, ఆరు గంటల్లో 11 లీటర్లు, గంటకు 1.8. చేరే చోటు మాత్రం పూర్తిగా మారిపోయింది. నీరు పల్లానికి పారుతుందన్న సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మడుగు కట్టిన చోటు పడవ ఎటు వాలిందో చెబుతోందే తప్ప, చిల్లు ఎక్కడుందో చెప్పడం లేదు. తొడ మీది గీతలు కలిపి చూస్తే ఇంకొకటి కూడా తేలింది: నేను ఏం చేసినా చేయకపోయినా నీరు రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతోంది, అంటే ఎక్కడో ఏదో క్రమంగా వదులవుతోంది.

కెర్న్ బ్రిడ్జ్ దగ్గర సామానంతా దించి, మొదటిసారి పడవను భుజాలకెత్తి బోర్లించబోతుంటే, వెనక గాలి గదిలో కొబ్బరి బొండం ఊపినట్టు చప్పుడైంది. ఇద్దరమూ అలాగే ఆగిపోయాము. పడవ మునిగినా తేలేందుకు రెండు కొసల్లోనూ మూసేసిన గాలి గదులు ఉంటాయి. వెనక గది మూత రంగుకు అతుక్కుపోయి, దాని ముందు డబ్బా కట్టి ఉండడంతో నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు. రెంచితో తెరిస్తే 4 లీటర్ల నీళ్లు వచ్చాయి.

ఇంతకీ జరిగింది ఇదీ. అడుగున రాళ్లు గీసుకోకుండా బిగించిన ఇత్తడి పట్టీ చివరి రెండు స్క్రూలు లోపలి చెక్క దిమ్మెను తప్పి, నేరుగా 4 మిల్లీమీటర్ల పలక గుండా గదిలోకి దిగాయి. పట్టీ కింద నేను పూసింది బాత్‌రూమ్ సిలికాన్, అది ఇత్తడిని గట్టిగా పట్టుకోదు. లోతు తక్కువ ఉన్న ప్రతిచోటా అమరం రాళ్లకు గీసుకుని పట్టీ ఇంకొంచెం లేచింది, స్క్రూలు ఇంకొంచెం వదులయ్యాయి. అలా గదిలోకి చేరిన నీరు, కుట్టు కోసం వేసిన రాగి తీగను లాగేశాక, గదికి గోడగా ఉన్న అడ్డు పలక అడుగున నేను పూడ్చడం మరిచిన 3 మిల్లీమీటర్ల చిల్లు గుండా మనుషులు కూర్చునే చోటికి వచ్చి, అక్కడి నుంచి వాలును బట్టి ముందుకో వెనక్కో వెళ్లింది. రెండో రాత్రి అమరాన్ని పల్లంలో పెట్టి పరీక్షించి ఉంటే గాలి గది నిండి, పట్టీ కింద కాగితం తడిసేది. మంచి కొసనే చాలా శ్రద్ధగా పరీక్షించానన్నమాట.

స్క్రూలు రెండూ తీసేసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి ఆరబెట్టి, చిల్లుల్లో అగ్గిపుల్లలు దిగ్గొట్టి, జిగట రబ్బరు లాంటి బ్యూటిల్ టేపు, దాని మీద గొరిల్లా టేపు వేశాను. నాలుగో రోజు సిమండ్స్ యాట్ వడి నీళ్లు దాటుకుంటూ ఆరు గంటలు తెడ్డు వేస్తే 1.2 లీటర్లు. పందెం కట్టిన మిత్రుడు 34 పౌండ్లు పంపాడు. ఆఖరి రోజు మరమ్మతు వల్ల హాస్పీస్‌కు పది పౌండ్ల నష్టం వాటిల్లిందని మా తోడల్లుడు ఇప్పటికీ అంటున్నాడు. మొత్తం 1,500 పౌండ్లు అనుకుంటే 1,940 వచ్చాయి.

పట్టీని పూర్తిగా ఊడదీసే పని వచ్చే వారమే మొదలుపెడతాను. సిలికాన్ అంతా గీకేసి, పాత చిల్లులను ఎపాక్సీతో నింపి, దిమ్మె ఉన్నచోట మాత్రమే కొత్తగా తొలిచి, ఈసారి పడవలకు వాడే సికాఫ్లెక్స్ 291 అనే జిగురు మీద బిగించాలని ఉంది. నీళ్లలో ఉండే లోహానికి దాన్ని మించినది నాకు తెలియదు, కాకపోతే చేతికి అంటితే వారం దాకా వదలదు. అడ్డు పలక చిల్లు పూడ్చాక గదికి మూతలోంచి సైకిల్ పంపుతో కొంచెం గాలి పెట్టి, అతుకుల మీద సబ్బు నురుగు పూసి బుడగలు చూడాలి. మన సైకిల్ షాపుల్లో ట్యూబును తొట్టిలో ముంచి చూసే పద్ధతే ఇది, ముంచడానికి పడవంత తొట్టి లేదు కాబట్టి నురుగు.

ఆ తరువాత మాన్‌మత్ నుంచి చెప్‌స్టో వరకు మిగిలిన భాగం ఉంది. బిగ్స్‌వీర్ వంతెన దాటితే నదికి సముద్రపు పోటుపాటులు తగులుతాయి, చెప్‌స్టో దగ్గర ఆ ఎత్తుపల్లాలు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. పాటు సమయంలో దిగి, బురద బయటపడేలోపు ఒడ్డు చేరాలి కాబట్టి దారిలో ఆగి తోడుకోవడానికి వీలుండదు. అప్పటికి మా తోడల్లుడికి వెనక నుంచి తిప్పడం నేర్పించి, 91 కిలోలనూ అమరంలో కూర్చోబెట్టాలని ఆలోచన. వచ్చే ఆదివారం చెరువులో మొదటి పాఠం, గాలి గది మూత తెరిచి చూశాకే.