చలం ఉత్తరాల కోసం నాలుగుసార్లు తిరిగాను

రచయిత చింతా దీక్షితులు గారికి చలం రాసిన ఉత్తరాల పాత ముద్రణ నిన్న మధ్యాహ్నం నా చేతికి వచ్చింది. ఆ సంతోషమూ, దానికోసం పడిన అవమానమూ ఇంకా పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను.

1927లో 'మైదానం' నవల రాసి లోకం చేత తిట్లు తిన్న చలం, 1950లో రమణ మహర్షి ఆశ్రమం ఉన్న తిరువణ్ణామలై చేరి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. ఆ రచయితా, ఈ భక్తుడూ ఒక్క మనిషే ఎలా అయ్యారన్నది నన్ను చాలా ఏళ్ళుగా వదలని ప్రశ్న. రమణ మహర్షి వైపు ఆయనను మళ్ళించిన స్నేహితులు దీక్షితులు గారే కనుక, ఆ మార్పు వారికి రాసిన ఉత్తరాలలోనే కనబడాలని నా పట్టుదల.

మా జిల్లాలోని ఒక పాత గ్రంథాలయంలో సభ్యత్వం ఒక్కరోజులో వచ్చింది. ఆధార్ నకలు, రెండు ఫొటోలు, కొంత ధరావతు ఇస్తే సరిపోయింది. పుస్తకం ఉన్నట్టు కార్డు కూడా పది నిమిషాలలోనే దొరికింది.

అసలు కథ అక్కడ మొదలైంది. కార్డు చూసిన ఉద్యోగి, పఠనమందిరమంతా వినబడేలా, "చలమా? మీకెందుకమ్మా ఆ పుస్తకాలు? ఇంట్లో తెలుసా?" అన్నాడు. పేపర్లు చదువుకుంటున్న పదిమంది తలలెత్తి నావైపు చూశారు. ఇరవై ఆరేళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నిలబడిపోయాను. అవి స్నేహితుడికి రాసుకున్న ఉత్తరాలని చెప్పబోతే నా గొంతు నాకే వినబడలేదు. స్త్రీకి మెదడు ఉంది, దానికి జ్ఞానం ఇవ్వాలి అని రాసిన మనిషి పుస్తకాన్ని అడిగినందుకు, ఒక స్త్రీకి ఈ మాట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి వెళితే, విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకురాలినని పత్రం తెమ్మన్నాడు. ఊరికే చదువుకోవడానికి ఇవ్వరట. మూడోసారి రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి, బీరువా తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడని చెప్పి, ఇచ్చినా ఒక్క పేజీ కూడా నకలు తీసుకోకూడదని, కాపీరైటు ఉందని అన్నాడు. రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకానికి ఆయన పోయాక 60 ఏళ్ళు, అంటే చలం విషయంలో 2039 చివరిదాకా, ఆ హక్కు ఉన్న మాట నిజమే. కాని సొంత చదువుకోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకుంటుంది. ఇలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు ఆ సెక్షను సంఖ్య కాగితం మీద రాసుకొని మరీ వెళ్ళండి. నోటిమాటకు అక్కడ విలువ లేదు.

నాలుగోసారి నేను వాదించలేదు. "ఇవ్వనన్న సంగతి కారణంతో సహా రాసి, సంతకం పెట్టి ఇవ్వండి" అని తెల్లకాగితం ముందు పెట్టాను. అతను దాన్ని కాసేపు చూసి లేచి వెళ్ళి తాళం తీశాడు. పది రోజులుగా దొరకని తాళంచెవి అతని సొరుగులోనే ఉంది. ఆ సొరుగు చప్పుడు నేను మరిచిపోను.

పుస్తకం అట్ట ఊడి, పురికొసతో కట్టి ఉంది. అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు కొన్ని పేజీలలో ఇంకా కనబడుతున్నాయి. ఫోన్‌తో ఫొటోలు తీద్దామంటే పుస్తకాన్ని విప్పి అదిమిపట్టాలి, అప్పుడు వెన్ను విరుగుతుంది. అందుకని నోటుబుక్కులో చేత్తోనే ఎక్కించుకుంటున్నాను. అలా రాసుకుంటుంటే ఆయన వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తనను తానే తోసుకుంటూ సాగుతుందో నా వేళ్ళకు తెలుస్తోంది. తన రాతల గురించి, తనను తిట్టినవాళ్ళ గురించి, ఈశ్వరుడి గురించి ఆయన ఒకే గొంతుతో మాట్లాడతారు. కథల్లో ఏ తెగింపు ఉందో, భక్తిలోనూ నాకు అదే కనబడింది.

నిన్న నాలుగున్నరకు మూసేవేళకు ఇరవై రెండు పేజీలు పూర్తయ్యాయి. వచ్చిన పనేమిటో రాయాల్సిన గడిలో "చదువుకోవడానికి" అని రాసి సంతకం చేశాను. సోమవారం పొద్దున్నే మళ్ళీ వెళుతున్నాను.