టమాటా ఆకుముడత: నెట్‌కు చిరుగు లేదు, మరి వైరస్ ఎటునుంచి వచ్చింది?

ఈ విడత కూడా ముడత వచ్చింది. జిప్ వేసి ఉంచిన 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలన్న లెక్క) నెట్ లోపల 12 టమాటా మొక్కలుంటే 6 పోయాయి. ఈ ముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ, నెట్ కట్టింది దాన్ని ఆపడానికే. నెట్ ఎక్కడా చిరగలేదు, కుట్టు ఊడలేదు, అడుగున పెట్టిన ఇటుకలు కదల్లేదు. మరి ఎలా వచ్చిందో అంతు పట్టక చిరాకేసింది. అందుకే ఏ మొక్కకు ఏ రోజు లక్షణం కనిపించిందో రాసిపెట్టిన లెక్కంతా ఇక్కడ పెడుతున్నా.

ముందు మిగతా పంటల సంగతి. మిరప విత్తనానికి ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ (100 మి.లీ. నీటికి 15 గ్రాములు, 20 నిమిషాలు నానబెట్టి బాగా కడిగి ఆరబెట్టడం) పనిచేసింది, మొజాయిక్ (ఆకు మీద పసుపు, పచ్చ మచ్చల వైరస్ తెగులు) జాడ లేదు. ఇది గింజ మీద అంటుకుని వచ్చే వైరస్‌కే. తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బరను (మిరప ఆకుముడతను) ఇది ఆపజాలదు. బెండ బాగుంది.

ఇక టమాటా. 12 బ్యాగుల్లో 6 నర్సరీ నారు, 6 ఇంట్లోనే నెట్ కింద ప్రోట్రేలో (నారు పెంచే గళ్ళ ట్రేలో) పెంచిన నారు. రెండూ ఒకే రకం, ఒకే రోజు నాటినవి, ఒకటి విడిచి ఒకటి పెట్టినవి. నర్సరీ మొక్కల్లో ఐదింటికి నాటిన 12 నుంచి 16వ రోజు లోపల ముడత కనిపించింది. ఇంటి నారులో ఒక్కదానికే, అదీ 31వ రోజున. తలుపు దగ్గరి మొక్కలకు ముందు రాలేదు కాబట్టి జిప్ తీసినప్పుడు దోమ దూరిందన్న అనుమానానికి బలం తగ్గింది.

అసలు ఇది వైరస్ ముడతేనా? ఎండకు చుట్టుకున్న మొక్కలో కింది ముదురు ఆకులు గొట్టంలా అవుతాయి, దళసరిగా ఉంటాయి, పచ్చదనం పోదు, చిగురు మామూలుగానే వస్తుంది. నల్లి (ఆకు రసం పీల్చే కంటికానని పురుగు) అయితే చిగురాకు సన్నబడి కిందికి వంగుతుంది, ఆకు అడుగు కంచు రంగుకు తిరుగుతుంది. ఇక్కడ కొత్త ఆకులు చిన్నవై అంచులు పసుపెక్కి పైకి దొప్పలా లేచాయి. కణుపుల మధ్య దూరం బాగున్న మొక్కలో 6 సెం.మీ. ఉంటే వీటిలో 2 సెం.మీ. దాటలేదు. అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు రోజుల లెక్క. తెల్లదోమ వైరస్ ఎక్కించాక టమాటాలో లక్షణం బయటపడేందుకు మామూలుగా రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. 12 నుంచి 16వ రోజున ముడత కనిపించిందంటే ఆ ఐదు మొక్కలకు వైరస్ ఎక్కింది నర్సరీ ట్రేలోనే. నెట్‌లోకి వచ్చేటప్పటికే అవి రోగిష్టివి. కొనేటప్పుడు చూస్తే నిగనిగలాడుతూనే ఉన్నాయి, కంటికి తెలిసే అవకాశమే లేదు.

మరి 31వ రోజు మొక్క? నెట్ లోపల వేలాడదీసిన పసుపు జిగురు అట్ట మీద 14వ రోజు దాకా ఒక్క దోమ లేదు. 17వ రోజున 4, 20వ రోజున 11. వెంటనే నర్సరీ మొక్కల కింది ఆకులు తిప్పి 30 రెట్ల భూతద్దంతో చూస్తే ఆకు ఈనెల పక్కన ఖాళీ గుల్లలు, ప్రతి గుల్ల వీపు మీద టి ఆకారపు చీలిక. దోమ గుల్ల చీల్చుకుని బయటికి వెళ్ళిన గుర్తు అదే. గుడ్లు నారుతోనే వచ్చాయి. ఎండ కాలంలో గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు సుమారు మూడు వారాలు కాబట్టి తేదీలు కూడా సరిపోయాయి. రోగమున్న ఆకు రసం పీల్చి పెరిగిన పిల్ల పురుగు దోమగా మారేసరికే వైరస్‌ను మోస్తుంటుంది, బతికినన్నాళ్ళూ ఎక్కిస్తూనే ఉంటుంది. బయటి దోమను ఆపడానికి కట్టిన నెట్, లోపలి దోమను బయటికి పోనివ్వలేదు.

నెట్‌ను కూడా పూర్తిగా నమ్మలేం. 40 మెష్ అని అమ్మినదాన్ని స్కేలు మీద పెట్టి లెక్కిస్తే అంగుళానికి ఒక వైపు 40 కన్నాలు, అడ్డంగా 32. దారం మందం 0.23 మి.మీ. పోగా కన్నం సుమారు 0.40 × 0.56 మి.మీ. తెల్లదోమ రొమ్ము వెడల్పు పావు మిల్లీమీటరు దరిదాపుల్లోనే, కాబట్టి ఓపిగ్గా వెతుక్కుంటే దూరుతుంది. అసలైన 50 మెష్‌లో కన్నం 0.27 × 0.82 మి.మీ. ఉంటుంది, ఒక వైపు అంత ఇరుకు కాబట్టి చాలావరకు ఆగేది అక్కడే. మెష్ అంకె చూసి కాకుండా కన్నం కొలిచి కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆకుపచ్చ షేడ్ నెట్, దోమతెర ఈ పనికి దండగ.

పసుపు అట్టలు రోగాన్ని ఆపవు, దోమ ఎప్పుడొచ్చిందో చెబుతాయి, అంతే. వేపనూనె 1500 పి.పి.ఎం. లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బు ద్రవంతో సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొడితే పిల్ల పురుగులు తగ్గుతాయి. మొక్కలోకి ఎక్కిన వైరస్‌ను మాత్రం ఏ మందూ తీయలేదు. ‘వైరస్ మందు’ అంటూ అమ్మే సీసాలకు డబ్బు పెట్టకండి. రోగపు మొక్కను తెల్లవారుజామున, దోమలు మందకొడిగా ఉన్నప్పుడు, ముందు పాలిథిన్ సంచి తొడిగి మూతి బిగించి, తర్వాత మొదలు కోయాలి. ఊరికే పీకి కదిపితే దోమలన్నీ పక్క మొక్క మీదికి లేస్తాయి.

వచ్చే విడతకు నర్సరీ నారు బంద్. గింజ నాటిన రోజు నుంచే ట్రే మీద 50 మెష్, ఫ్రేమ్‌కూ ఆకుకూ మధ్య జానెడు ఖాళీ, పక్కన తెల్లదోమ చేరే వంగ గానీ మందార గానీ ఉండకూడదు. 50 మెష్‌లో గాలి ఆడక వేడి పెరుగుతుంది కాబట్టి మార్చి దాటితే కాపు కష్టం, అక్టోబరులో నాటేలా చూడాలి. పుప్పొడి రాలి కాయ పట్టేలా పూతను పొద్దున పది గంటల వేళ వేలితో తట్టాలి. సగం బ్యాగుల్లో అర్క రక్షక్ అనే టమాటా రకం వేస్తా. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వారి ఈ హైబ్రిడ్ ఆకుముడతను బాగా తట్టుకుంటుంది, కాకపోతే గింజ దాచుకుని వేస్తే అదే గుణం రాదు.

ఆ పక్కన బొప్పాయి ఆలోచన కూడా ఉంది. అక్కడ రింగ్ స్పాట్ (కాయ మీద వలయాల మచ్చలు తెచ్చే) వైరస్‌ను తెచ్చేది పేనుబంక. సెకన్లలో అంటించుకుని, నిమిషాల్లో అంటించేస్తుంది కాబట్టి మందు కొట్టే లోపే పని అయిపోతుంది. కానీ ఆ వైరస్ దాని నోటి సూది చివర ఎక్కువసేపు నిలవదు, వేరే పైరును ఒకసారి గుచ్చితే చాలావరకు వదిలిపోతుంది. అందుకే బొప్పాయి నాటడానికి నెల ముందే చుట్టూ బ్యాగుల్లో రెండు వరుసల జొన్న ఒత్తుగా వేస్తున్నా. జొన్న మోకాలెత్తు దాటాకే బొప్పాయి నారు బయటికి తీస్తా.