కొమ్ము దగ్గర ఆగిపోయిన ఐకాన్వ్: నా అనుభవం

మా ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల పట్టికను ఏళ్ల తరబడి ఎవరెవరో, ఏవేవో కంప్యూటర్లలో టైపు చేస్తూ వచ్చారు. ఆ ఫైళ్లన్నింటినీ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోకి, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలోకి, మార్చే పని నేను తీసుకున్నాను. లినక్స్‌లో ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చే ఐకాన్వ్ కమాండ్ ఉండనే ఉంది.

ముందు 'ఫైల్' కమాండ్‌తో ఏది ఏ ఎన్‌కోడింగో చూసుకున్నాను. పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని సేవ్ చేసినవి యూటీఎఫ్-16 అని తేలాయి. వాటితో పేచీ లేదు. మైనస్ ఎఫ్ (దేని నుంచి) పక్కన యూటీఎఫ్-16, మైనస్ టీ (దేనిలోకి) పక్కన యూటీఎఫ్-8 ఇచ్చి, ఫలితాన్ని వేరే పేరుతో దాచుకుంటే చాలు. దారి మళ్లించేటప్పుడు పాత పేరే ఇస్తే మాత్రం ఐకాన్వ్ చదవకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది.

అసలు తిప్పలు మిగతావాటితో. తెరిస్తే 'క' ఉండాల్సిన చోట నెత్తిన గీతున్న ఇంగ్లిష్ ఏ, డిగ్రీ గుర్తు, ఒక లావుపాటి చుక్క. 'ఫైల్' మాత్రం ఇది సరైన యూటీఎఫ్-8 అనే చెబుతోంది! యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. హెక్స్ అంకెల్లో రాస్తే 'క' అంటే ఈ0, బీ0, 95. ఏదో ప్రోగ్రాం ఆ మూడింటినీ, ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం ఉండే విండోస్-1252 ఎన్‌కోడింగ్‌లో మూడు వేర్వేరు అక్షరాలుగా చదివి, మళ్లీ యూటీఎఫ్-8లో దాచింది.

అయితే వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి కదా? యూటీఎఫ్-8 నుంచి సీపీ1252కి (విండోస్-1252కే మరో పేరు) మార్చమన్నాను. మొదటి వరుసలోనే ఆగిపోయింది. బైట్లను చూపించే హెక్స్‌డంప్‌లో చూస్తే ఆగింది కొమ్ము దగ్గర. విండోస్-1252లో అయిదు గళ్లు ఖాళీ, అంటే ఆ బైట్లకు అక్షరమే లేదు: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. కొమ్ము చివరి బైటు 81, పొల్లుది 8డీ. ఏ, ఐ, ఝ అక్షరాలదీ ఇదే గతి. 'తెలుగు' అన్న మాటలోనే రెండు కొమ్ములు, ఇక ఏం దాటుతుంది! లాటిన్-1 అనే మరో ఒంటి బైటు ఎన్‌కోడింగ్‌కి మారిస్తే ఆ గళ్లున్నాయి గానీ, 'క'లోని లావుపాటి చుక్కకు అక్కడ చోటు లేదు.

మైనస్ సీ పెడితే ఎర్రర్ రాదని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి పెట్టకండి. అది కుదరని గుర్తును పారేస్తుంది, దాని ముందున్న రెండు బైట్లు దిక్కులేకుండా మిగులుతాయి. ఫైల్లో ఉన్న కొమ్ములూ పొల్లులూ అన్నీ అలా పోయినట్టే. ఎర్రర్ రావడమే మనకు మేలు.

చివరికి పని జరిపింది ఇలా చెడిన అక్షరాలను బాగుచేసే, పైథాన్‌లో రాసిన ఎఫ్‌టీఎఫ్‌వై. ఆ అయిదు గళ్లనూ ఖాళీగా వదలకుండా నింపుకునే స్లాపీ విండోస్-1252 పట్టిక అందులో ఉంది. కమాండ్ లైన్ నుంచే నడుస్తుంది. వచ్చిన ఫైళ్లలో 'ఠ' ఉన్న పేర్లను విడిగా చూశాను. దాని చివరి బైటు ఏ0. విండోస్-1252లో అది విడిపోని స్పేస్ (అక్కడ వరుస విరగనివ్వని ఖాళీ), దాన్ని మధ్యలో ఏ ఎడిటరైనా మామూలు స్పేస్‌గా మార్చేసి ఉండొచ్చు. 'పాఠాలు', 'కంఠం' చెక్కుచెదరలేదు.

డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిలో ఉన్నవి అక్షరాలు కావు, ఫాంటు గీసే ముక్కలు. ఐకాన్వ్ జాబితాలో వాటికి పేరే లేదు. ఏ ముక్క ఏ అక్షరానిదో చెప్పే పట్టిక ఒక్కో ఫాంటుకూ విడిగా కావాలి. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను.