టెహ్రాన్‌లో బందీలు, చికాగోలో మేము

1979 నవంబరు 4న టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించేనాటికి నేను చికాగోలోని ఒక ఆసుపత్రిలో రెసిడెంట్ డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇరాన్ విప్లవంతో దేశం విడిచిపోయిన రాజు షాను అక్టోబరు 22న క్యాన్సరు చికిత్స కోసం న్యూయార్కుకు రానిచ్చినందుకే ఆ ఆగ్రహమని అందరూ అనుకున్నారు. 1953లో ఇరాన్ ప్రధాని మొసద్దెక్ ప్రభుత్వాన్ని కూలదోయడంలో అమెరికా గూఢచారి సంస్థకు ఉన్న పాత్ర గురించి నాకు వివరంగా చెప్పింది మా వార్డులోనే పనిచేసే ఇరానీ మిత్రుడు.

ఆ అన్యాయం నిజమైనదే. కానీ కళ్లకు గంతలతో టీవీలో కనిపించినవాళ్లు ఉద్యోగం కోసం ఇల్లు విడిచి వచ్చినవాళ్లు. వాళ్లలో దౌత్యాధికారులతో పాటు గుమస్తాలు, కాపలా కాసే మెరైన్లు ఉన్నారు. ఇస్లామాబాదులో అమెరికన్ పాఠశాల నడిపే విలియం కియో, టెహ్రాన్ పాఠశాల రికార్డుల పని మీద వచ్చి చిక్కుకున్నాడు. పరాయి గడ్డ మీద బతికేవాడికి ఆ ప్రభుత్వం ఇచ్చిన మాటే రక్ష. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆ కార్యాలయంపై దాడి జరిగినప్పుడు ఇరాన్ ప్రభుత్వమే కలగజేసుకొని కొద్ది గంటల్లో దాదాపు అందరినీ విడిపించింది. నవంబరులో మాత్రం విప్లవ నాయకుడు ఖొమైనీ ఆక్రమణను సమర్థించాడు, ప్రధాని బజర్గాన్ రాజీనామా చేశాడు. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఈ తేడాయే.

ఇక్కడా పరిస్థితి మారింది. ఇరానీ విద్యార్థులందరూ వలస అధికారుల ముందు హాజరై తమ వీసాలు, చదువు వివరాలు చూపాలని నవంబరు 10న అధ్యక్షుడు కార్టర్ ఆదేశించాడు; కాలేజీలో చదువుతున్న మిత్రుడి తమ్ముడు కాగితాలు పట్టుకొని వరుసలో నిలబడవలసి వచ్చింది. రోగులు నన్ను కూడా ఇరానీవాడివా అని అడిగేవారు. భారతదేశం నుంచి వచ్చానని చెప్పగానే వాళ్ల ముఖాలు తేటపడేవి, అది చూసి నాకు బాధ కలిగేది, ఎందుకంటే తరువాతి మంచం దగ్గర నా మిత్రుడు అదే ప్రశ్నకు నిజం చెప్పి, ఆ రోగికి అంతే శ్రద్ధగా వైద్యం చేసేవాడు.

1980 ఏప్రిల్ 7న అమెరికా ఇరాన్‌తో సంబంధాలు తెంచుకొని, ఇరానీయుల వీసాలను ఇకపై చెల్లవని ప్రకటించింది. అదే నెలలో బందీలను విడిపించబోయిన సైనికుల్లో 8 మంది ఇరాన్‌లోని తబస్ ఎడారిలో చనిపోయారు. ఆ వారం ఆసుపత్రిలో మా ఇద్దరితోనూ మాటలు తగ్గాయి. సెప్టెంబరులో ఇరాక్ దండెత్తడంతో మిత్రుడి తల్లిదండ్రులున్న ఇరాన్ సరిహద్దు నగరం ఆబాదాన్ ముట్టడిలో చిక్కుకుంది.

అల్జీరియా మధ్యవర్తిత్వంతో 52 మంది బందీలు 444 రోజుల తర్వాత, 1981 జనవరి 20న, కొత్త అధ్యక్షుడు రేగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకే విడుదలయ్యారు. మేమందరం మనస్ఫూర్తిగా సంతోషించాం, మిత్రుడు కూడా. ఆబాదాన్ ముట్టడి మాత్రం తొలగలేదు. అక్కడికి వెళ్తే తిరిగి రావడానికి అతడికి వీసా లేదు.